ఉల్లి, ఎల్లిగడ్డ, గోధుమ, పాలు లేకుండా మీట్‌లోఫ్: కడుపుకు తేలికగా పడే ఖీమా వంట

కడుపు ఉబ్బరం, గ్యాస్, మెలిపెట్టే నొప్పి, ఒకరోజు విరేచనాలు, మరో రెండు రోజులు మలబద్ధకం. ఇలాంటి బాధలతో ఏళ్ల తరబడి సతమతమయ్యేవారికి మన ఇళ్లలో మొట్టమొదట వినిపించే సలహా మటన్ మానేయమని. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పండుగైనా, దావతైనా, ఇంటికి అల్లుడొచ్చినా యాటకూర ఉండి తీరుతుంది కాబట్టి, ఆ ఒక్క సలహాతో మనిషి పదిమందితో కలిసి కూర్చొని తినడానికే దూరమవుతాడు. చాలామంది విషయంలో మాంసాన్ని నిందించడం న్యాయం కాదని నా అభిప్రాయం. పేగుల్లో పులిసి గ్యాస్‌గా మారే చక్కెరలు మాంసంలో దాదాపు లేనే లేవు. అవి ఉన్నది మాంసంతో పాటు గిన్నెలో పడే ఉల్లిగడ్డలో, ఎల్లిగడ్డలో, కబాబు ముద్ద కట్టుకోవడానికి వేసే శనగపప్పులో, బ్రెడ్డు పొడిలో, నానబెట్టడానికి వాడే పాలలో, పెరుగులో. ఏది ఎందుకు ఇబ్బంది పెడుతుందో తెలుసుకొని దాన్ని తీసేసి, దాని పని మరొకదానితో చేయించగలిగితే ఖీమాను మానుకోవలసిన అవసరం చాలామందికి రాదు.

ఈ ప్రయోగానికి మీట్‌లోఫ్ ఎంతో అనువైన వంట. బ్రెడ్డు అచ్చులాంటి గిన్నెలో మసాలా కలిపిన ఖీమాను అదిమి, ఓవెన్‌లో కాల్చి, చల్లారాక ముక్కలుగా కోసుకొని తినే ఈ వంట యూరప్, అమెరికా ఇళ్లలో బాగా అలవాటైనది. మన ఇంట్లో ఓవెన్ లేకపోయినా కుక్కరులోనో ఇడ్లీ పాత్రలోనో ఆవిరిపై ఉడికించి, చివరికి పెనం మీద ఎర్రగా కాల్చుకోవచ్చు. దీనికి పులుసు ఉండదు. ప్రతి దినుసూ మన చేత్తో కొలిచి వేసిందే అయి ఉంటుంది, ఎన్ని ముక్కలు తిన్నామో లెక్క తెలుస్తుంది. కడుపు సున్నితంగా ఉన్నవారికి ఈ మూడూ చాలా ముఖ్యం.

ఏవి తీసేస్తున్నాం, ఎందుకు

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఉన్న మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో ఒక జాతి చక్కెరలకు, పిండిపదార్థాలకు కలిపి ఫాడ్‌మ్యాప్ అని పేరు పెట్టారు. ఇవి చిన్నపేగులో సరిగా ఇంకవు. నీటిని తమవైపు లాక్కుంటూ పెద్దపేగుకు చేరి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల పులిసి గ్యాస్‌ను పుట్టిస్తాయి, దాంతో పేగులు ఉబ్బి సాగుతాయి. అందరిలోనూ ఇలాగే జరుగుతుంది. అయితే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే డాక్టర్లు ఐబీఎస్ అని రాసే సమస్య ఉన్నవారి పేగులు ఆ సాగుదలను నొప్పిగా గుర్తిస్తాయి.

ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, గోధుమ మూడింటిలోనూ ఉండేది ఫ్రక్టాన్ అనే పదార్థం. ఫ్రక్టాన్‌ను విడగొట్టే ఎంజైము మనిషి ఒంట్లో ఎవరికీ లేదు. ఇది నీటిలో కరుగుతుంది, నూనెలో కరగదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే వంటింట్లో సగం చిక్కులు విడిపోతాయి. కూరలో ఉడికిన ఉల్లిగడ్డ ముక్కలను పక్కకు ఏరేసి, పులుసు మాత్రం పోసుకొని తినేవారికి మేలు జరగదు, ఎందుకంటే ఫ్రక్టాన్ అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటుంది. ఎంతసేపు ఉడికించినా అది మాయమూ కాదు. అదే ఎల్లిగడ్డను ఒట్టి నూనెలో వేయించి, ఆ రెబ్బలను తీసేసి నూనెను వాడుకుంటే వాసన, రుచి నూనెలో మిగులుతాయి, ఫ్రక్టాన్ మాత్రం రెబ్బలతోనే పోతుంది.

పాలలో ఉండేది లాక్టోస్. పెద్దయ్యాక దీన్ని జీర్ణించుకునే శక్తి మన దేశంలో చాలామందికి తగ్గిపోతుంది. తోడు వేసినప్పుడు కొంత లాక్టోస్ తగ్గినా, పెరుగులో ఇంకా మిగిలే ఉంటుంది కాబట్టి మాంసాన్ని పెరుగులో నానబెట్టే పద్ధతిని ఇక్కడ వదిలేస్తున్నాం. శనగపప్పులో, పుట్నాల పొడిలో ఉండేవి గాలాక్టాన్లు అనే మరో రకం చక్కెరలు. షామీ కబాబులు చేసే ఇళ్లలో ముద్ద విడిపోకుండా ఇవే వేస్తారు. మనం వాటి బదులు బియ్యపు అటుకులు వాడతాం.

మిరపకారం సంగతి వేరు. అది పులవదు. దానిలోని కాప్సైసిన్ పేగుల లోపలి పొరలో ఉన్న నొప్పి నరాలను నేరుగా తాకుతుంది, పేగులు సున్నితమైనవారిలో ఆ మంట మరింత ఎక్కువగా తెలుస్తుంది. మా ప్రాంతంలో కారం లేని మాంసం వంటను ఊహించడం కష్టమని నాకు తెలుసు. అయినా మొదటిసారి చేసేటప్పుడు కారం పూర్తిగా మానేసి, కొద్దిపాటి మిరియాలతో సరిపెట్టుకోవాలని గట్టిగా చెబుతాను. కారం వేసి, తిన్నాక నొప్పి వస్తే దానికి కారణం కారమో మరొకటో తేల్చుకోలేం.

చివరిది కొవ్వు. కొవ్వు ఎక్కువైన భోజనం పొట్టలోంచి నెమ్మదిగా కదులుతుంది, పెద్దపేగు బిగుసుకుపోవడానికి కూడా కారణమవుతుంది. అలాగని కొవ్వును పూర్తిగా తీసేస్తే మీట్‌లోఫ్ పొడిబారి గొంతులో పట్టుకుంటుంది. అందుకే మాంసంలో కొవ్వు తగ్గించి, కొలత ప్రకారం నూనె వేసుకోవడం మంచిది.

వంట మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి

మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, జ్వరం ఉన్నా, నిద్రలోంచి లేపేంత నొప్పి లేదా విరేచనాలు ఉన్నా, యాభై ఏళ్లు దాటాక ఈ ఇబ్బందులు కొత్తగా మొదలైనా తిండి మార్పులతో కాలం గడపకూడదు, ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి. గోధుమ విషయంలో మరో జాగ్రత్త ఉంది. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల పేగులు దెబ్బతినే సీలియాక్ జబ్బు ఉందేమోనని అనుమానం ఉంటే, గోధుమ మానకముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. మానేసిన తర్వాత చేయిస్తే జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు.

ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ప్రధాన బాధగా ఉన్నవారికి ఫాడ్‌మ్యాప్‌ల కంటే కొవ్వు, పులుపు, కారం, రాత్రి ఆలస్యంగా తినడం ఎక్కువ ఇబ్బంది పెడతాయి. వారు ఈ వంటను ఆవిరి మీదనే ముగించి, పెనం మీద కాల్చడం, చట్నీలో నిమ్మరసం మానుకుంటే మంచిది.

మాంసం ఎంపిక

అరకిలో మటన్ ఖీమా కావాలి. గొర్రె అయినా మేక అయినా ఫరవాలేదు, కానీ తొడ భాగం నుంచి కొట్టించాలి. దుకాణంలో ముందే కొట్టి కుప్పగా పెట్టిన ఖీమాలో ఏ భాగాలు కలిశాయో, కొవ్వు ఎంత ఉందో చెప్పలేం. తొడ ముక్క తూకం వేయించి, తెల్లగా మందంగా కనిపించే కొవ్వును, నరాలను, పొరలను కళ్ల ముందే తీయించి, ఆ తర్వాత ఖీమా కొట్టమనాలి. ఆదివారం పొద్దున రద్దీలో ఇలా అడగడానికి మొహమాటపడేవారు శనివారం సాయంత్రమో, వారం మధ్యలోనో వెళ్లడం మేలు.

మొద్దు మీద కత్తితో కొట్టిన ఖీమా ఈ వంటకు బాగుంటుంది. ముక్క కాస్త గరుకుగా ఉండి, ఉడికాక నోటికి మాంసంలా తగులుతుంది. మిషను ఖీమా మరీ మెత్తగా ఉండి పేస్టులా మారే అవకాశం ఉంది కాబట్టి, మిషను తప్పనిసరి అయితే ఒక్కసారి మాత్రమే తిప్పమనాలి. కొన్ని దుకాణాల్లో అదే మిషనులో ఉల్లిగడ్డ, పచ్చిమిరప, ఎల్లిగడ్డ వేసి కబాబు ఖీమా కూడా తిప్పుతారు. దాని వెంటనే మనది తిప్పితే అడుగున మిగిలిన ముద్ద మన మాంసంలో కలుస్తుంది. ముందు కడిగి తిప్పమని అడగడంలో తప్పేమీ లేదు. ఖీమా మెత్తబడాలని పచ్చి బొప్పాయి ముద్ద కలిపే అలవాటు ఉన్నవారు ఇక్కడ ఆ పని చేయకూడదు. బొప్పాయి రసం ఖీమాను జావలా చేస్తుంది, ముక్క కోస్తే నిలవదు.

ఇంటికి తెచ్చిన ఖీమాను నీళ్లు పోసి పిసికి కడిగితే ఆ నీళ్లు మాంసంలోనే ఉండిపోయి ముద్ద జారుగా తయారవుతుంది. కడగాలనుకునేవారు ముక్కగా ఉన్నప్పుడే కడిగించి, తడి ఆరాక కొట్టించుకోవాలి. తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, కలిపే సమయానికి చల్లగా ఉండేలా చూసుకోవాలి.

దినుసులు

ఆరుగురికి సరిపోయే ఈ కొలతలో అరకిలో ఖీమాకు మందపు అటుకులు 60 గ్రాములు, అంటే చిన్న కప్పుతో సుమారు ముప్పాతిక కప్పు, గోరువెచ్చని నీళ్లు 100 మిల్లీలీటర్లు, ఒక గుడ్డు, మధ్యరకం క్యారెట్లు రెండు, సన్నగా తురిమిన అల్లం ఒక టీస్పూను, ఉల్లాకు తరిగినది అరకప్పు, కొత్తిమీర ఒక పిడికెడు, పల్లీ నూనె నాలుగు టేబుల్ స్పూన్లు, ఎల్లిగడ్డ రెబ్బలు ఎనిమిది అవసరమవుతాయి. ఎల్లిగడ్డ పేరు చూసి కంగారుపడవద్దు, అవి నూనెకు వాసన ఇచ్చి బయటకు వెళ్లిపోతాయి. ఉల్లాకులో ఆకుపచ్చని గొట్టాలు మాత్రమే వాడాలి. కింది తెల్లని గడ్డలో ఫ్రక్టాన్ ఉంటుంది, పై ఆకులో చాలా తక్కువ.

మసాలా ఇంట్లోనే కొట్టుకోవాలి. ధనియాలు రెండు టీస్పూన్లు, జీలకర్ర ఒక టీస్పూను, మిరియాలు అర టీస్పూను, చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు, రెండు యాలకులు సన్నని మంట మీద వాసన వచ్చేదాకా వేయించి పొడి చేసుకోవాలి. పావు టీస్పూను పసుపు, ఒకటింపావు టీస్పూను ఉప్పు విడిగా ఉంచుకోవాలి. మటన్ మసాలా ప్యాకెట్లను ఈ వంటలో వాడవద్దని ప్రత్యేకంగా చెప్పాలి. చాలావాటిలో ఎండబెట్టిన ఉల్లి, వెల్లుల్లి పొడులు ఉంటాయి. ఎండినవాటిలో నీరు ఉండదు కాబట్టి, చిన్న చెంచాడు పొడిలోనే ఫ్రక్టాన్ బాగా చేరుతుంది. ఇంగువ చిటికెడు వేస్తే ఉల్లి లేని లోటు కొంత తీరుతుంది. బజారులో దొరికే ఇంగువ పొడిలో గోధుమపిండో మైదానో కలిపి ఉండవచ్చు. చిటికెడుతో ఐబీఎస్ ఉన్నవారికి ఇబ్బంది ఉండదు కానీ, సీలియాక్ జబ్బు ఉన్నవారు బియ్యపు పిండితో చేసిన ఇంగువనే ఎంచుకోవాలి.

అటుకులే ఎందుకన్న ప్రశ్న వస్తుంది. అసలు మీట్‌లోఫ్‌లో బ్రెడ్డు పొడిని పాలలో నానబెట్టి కలపడానికి కారణం ఉంది. వేడి తగిలినప్పుడు మాంసంలోని ప్రోటీన్లు బిగుసుకొని తమలోని నీటిని బయటకు నెట్టేస్తాయి. నానిన పిండిపదార్థం ఆ నీటిని పట్టి ఉంచి, ప్రోటీన్లు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోకుండా మధ్యలో నిలుస్తుంది. ఈ పనికి ముందే వేడి చూసిన, త్వరగా నీరు పీల్చే పదార్థం కావాలి. అటుకులు సరిగ్గా అలాంటివే. పచ్చి బియ్యప్పిండి వేస్తే నీటిని వెంటనే పట్టదు, నాలుకకు పిండిగా తగులుతుంది. నారాయణపేట, మక్తల్ వైపు రోజూ జొన్నరొట్టెలు చేసుకునే ఇళ్లలో మరో మంచి దారి ఉంది. మిగిలిన రొట్టెను పెనం మీద సన్నని మంటతో పెళపెళలాడేలా ఎండబెట్టి, చేత్తో నలిపి, మిక్సీలో ఒక్కసారి తిప్పితే బ్రెడ్డు పొడికి బదులుగా వాడుకోవచ్చు. జొన్నలో గ్లూటెన్ లేదు. అయితే గిర్నీలో గోధుమలు పట్టిన వెంటనే జొన్నలు పట్టిస్తే కొంత గోధుమపిండి కలుస్తుంది, సీలియాక్ ఉన్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తయారుచేసే విధానం

ముందుగా నూనె తయారుచేసుకోవాలి. ఎల్లిగడ్డ రెబ్బల పొట్టు తీసి, తడి లేకుండా తుడిచి, ఒక్కొక్కటి రెండు చీలికలుగా కోయాలి. దంచకూడదు, దంచితే నలిగిన పొడి ముక్కలు నూనెలో మిగిలిపోతాయి. చల్లటి నూనెలోనే రెబ్బలు వేసి, సన్నని మంట మీద ఆరేడు నిమిషాలు ఉంచితే చుట్టూ చిన్న బుడగలు లేస్తూ రెబ్బల అంచులు లేత బంగారు రంగుకు తిరుగుతాయి. ఆ రంగు రాగానే దించి, సన్నని జాలీలో వడకట్టాలి. మాడితే నూనె చేదెక్కుతుంది. తీసిన రెబ్బలను ఇంట్లో ఇబ్బంది లేనివారు చారులో వేసుకోవచ్చు. ఈ నూనె ఎప్పటికప్పుడు చేసుకోవలసిందే. ఎల్లిగడ్డ వేసిన నూనెను బయట నిల్వ ఉంచితే గాలి తగలని చోట పెరిగే బొటులిజం సూక్ష్మజీవి అందులో విషాన్ని పుట్టించే ప్రమాదం ఉంది. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు మూడు రోజుల్లో వాడేయాలి.

ఆ నూనెలో ఒక టేబుల్ స్పూను పెనంలో వేసి, ఇంగువ చిటికెడు చిలకరించి, తురిమిన క్యారెట్, అల్లం వేసి నాలుగైదు నిమిషాలు వేయించాలి. క్యారెట్‌లోని నీరు ఇంకి, తురుము సగానికి తగ్గి, తీపి వాసన రావాలి. వేయించిన ఉల్లిగడ్డ ఇచ్చే తీపిని ఇక్కడ క్యారెట్ భర్తీ చేస్తుంది కాబట్టి ఈ పనిలో తొందర పడకూడదు. దీన్ని పూర్తిగా చల్లార్చాలి. వేడిగా ఉండగానే ఖీమాలో వేస్తే కొవ్వు కరిగి ముద్ద జిడ్డుబారుతుంది.

అటుకులను మిక్సీలో రవ్వలా చేసి, పెద్ద గిన్నెలో వేసి, గోరువెచ్చని నీళ్లు పోసి పది నిమిషాలు వదిలేయాలి. అవి ఉబ్బి మెత్తని గుజ్జులా మారాక గుడ్డు కొట్టిపోసి గిలకొట్టాలి. ఉప్పు, పసుపు, మసాలా పొడి, చల్లారిన క్యారెట్, ఉల్లాకు, కొత్తిమీర, మరో రెండు టేబుల్ స్పూన్ల వాసన నూనె ఇందులోనే వేసి బాగా కలపాలి. మాంసం చేరకముందే దినుసులన్నీ కలిసిపోతే తర్వాత మాంసాన్ని ఎక్కువసేపు పిసకవలసిన పని ఉండదు.

ఇప్పుడు చల్లని ఖీమాను చిన్న చిన్న ముద్దలుగా తుంచి గుజ్జు మీద పరచాలి. వేళ్లు విడదీసి, అడుగు నుంచి పైకి ఎత్తుతూ, తిరగేస్తూ కలపాలి. అరచేత్తో చపాతీపిండిలా మర్దించకూడదు. ఉప్పు తగిలిన మాంసాన్ని ఎంత పిసికితే అంత జిగురు పుట్టి, ఉడికాక రబ్బరులా బిగుసుకుంటుంది. ఎక్కడా తెల్లని అటుకుల గుజ్జు విడిగా కనిపించకుండా, ముద్ద చేతికి కాస్త అంటుకుంటూ, ఉండ చేస్తే నిలుస్తున్నప్పుడు ఆపేయాలి. రూపాయి బిళ్లంత ముద్ద తీసి పెనం మీద కాల్చి రుచి చూస్తే ఉప్పు సరిపోయిందో లేదో తెలుస్తుంది. పచ్చి ముద్దను నాలుక మీద పెట్టి చూడడం మాత్రం వద్దు.

గుడ్డు పడనివారు దాని బదులు ఉడికించి మెదిపిన చిన్న ఆలుగడ్డ ఒకటి, బియ్యప్పిండి ఒక టేబుల్ స్పూను వేసుకోవచ్చు. ముక్క కొంచెం పెళుసుగా వస్తుంది, అంతే. చికెన్‌తో చేయాలనుకుంటే తొడ మాంసం ఖీమా వాడి, నీళ్లు 70 మిల్లీలీటర్లకు తగ్గించాలి.

ఉడికించడం

బ్రెడ్డు అచ్చు ఉంటే సరే, లేకపోతే నాలుగైదు సెంటీమీటర్ల లోతున్న స్టీలు టిఫిన్ బాక్సు చాలు. లోపల నూనె రాసి, మంట మీద చూపి మెత్తబడిన అరటి ఆకును అడుగున, పక్కల పరిస్తే తర్వాత మీట్‌లోఫ్ చెక్కుచెదరకుండా బయటకు వస్తుంది. ముద్దను కొద్దికొద్దిగా వేస్తూ, మూలల్లో గాలి మిగలకుండా వేళ్లతో అదమాలి. పైన చదును చేసి, నూనె చేత్తో నిమరాలి.

కుక్కరులో మూడు నాలుగు గ్లాసుల నీళ్లు పోసి, అడుగున స్టాండు పెట్టి, నీళ్లు మరిగాక గిన్నెను దింపాలి. గిన్నె మీద మూత బిగుతుగా పెట్టాలి, లేకపోతే ఆవిరి నీళ్లు కారి పైభాగం నీరుకారుతుంది. కుక్కరు మూత పెట్టి, విజిల్ తీసేసి, ఆవిరి ఆగకుండా వచ్చేటంత మధ్యరకం మంట మీద 35 నుంచి 40 నిమిషాలు ఉడికించాలి. విజిల్ పెట్టి ఒత్తిడిలో ఉడికిస్తే సమయం కలిసివస్తుంది కానీ, మాంసం ఒక్కసారిగా బిగుసుకొని రసమంతా వదిలేస్తుంది. ఓవెన్ లేదా ఓటీజీ ఉన్నవారు 180 డిగ్రీల సెల్సియస్ వద్ద 45 నుంచి 50 నిమిషాలు కాల్చాలి.

ఖీమా విషయంలో ఉడకడం అనేది రుచికి సంబంధించినది మాత్రమే కాదు. ముక్క మాంసంలో సూక్ష్మజీవులు ఎక్కువగా పైభాగంలోనే ఉంటాయి, ఖీమా కొట్టినప్పుడు అవి లోపలికంతా కలిసిపోతాయి. అందువల్ల మధ్యభాగం కూడా మటన్ అయితే 71 డిగ్రీలకు, చికెన్ అయితే 74 డిగ్రీలకు చేరాలి. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, కడుపు సున్నితమైనవారు ఉన్న ఇంట్లో అది ఉండడం మంచిదని నేను నమ్ముతాను. అది లేనప్పుడు సన్నని కత్తిని నడిమధ్య దాకా గుచ్చి పది సెకన్లు ఉంచి తీస్తే కత్తి మొన వేడిగా ఉండాలి, పైకి ఊరే రసంలో గులాబీ రంగు కనిపించకూడదు.

దించగానే కోయకూడదు. గిన్నెలో చుట్టూ ఊరిన రసాన్ని అలాగే వదిలేస్తే పది పదిహేను నిమిషాల్లో చాలావరకు మళ్లీ లోపలికి ఇంకుతుంది. పైన కొవ్వు తేలితే చెంచాతో తీసేయాలి. ఆ తర్వాత పళ్లెంలోకి తిరగేసి, వేలు మందం ముక్కలు కోసి, మిగిలిన వాసన నూనెను చుక్కలుగా వేసి పెనం మీద రెండు వైపులా ఎర్రబడేదాకా కాల్చుకోవచ్చు. ఆవిరి వంటలో రాని కమ్మటి వాసన ఈ ఐదు నిమిషాల్లో వస్తుంది.

దేనితో తినాలి

మీట్‌లోఫ్ పైన పూసే టమాట కెచప్‌లో సాధారణంగా ఉల్లి, వెల్లుల్లి పొడులు ఉంటాయి. దాని స్థానంలో పల్లీల చట్నీ చేసుకుంటే మన నోటికి ఇంకా బాగుంటుంది. వేయించి పొట్టు తీసిన పల్లీలు నాలుగు టేబుల్ స్పూన్లు, కొత్తిమీర పిడికెడు, వేయించిన జీలకర్ర అర టీస్పూను, ఉప్పు, కొద్దిగా నీళ్లు వేసి రుబ్బి, చివర్లో సగం నిమ్మకాయ పిండాలి. పల్లీలు కూడా కొవ్వున్నవే కాబట్టి మనిషికి ఒకటి రెండు చెంచాలు చాలు.

అన్నంతో, జొన్నరొట్టెతో, ఉడికించిన క్యారెట్‌తో, కీరదోస ముక్కలతో ఈ వంట బాగా పొసుగుతుంది. ఒక పూటకు రెండు ముక్కలకు మించకుండా తినాలి. మొదటి రెండు మూడు సార్లు దీన్ని బగారన్నం, దాల్చాలతో కలిపి తినవద్దు. వాటిలో ఉల్లిగడ్డ, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, శనగపప్పు దండిగా ఉంటాయి కాబట్టి, ఆ రాత్రి కడుపు ఉబ్బితే నేరం మళ్లీ మటన్ మీదికే పోతుంది.

మిగిలినదాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఉండే ఎండలకు ఒక గంటే గడువు అనుకోవాలి. ముక్కలుగా కోసి డబ్బాలో పెడితే త్వరగా చల్లబడుతుంది, మూడు రోజుల దాకా నిలుస్తుంది. మళ్లీ తినేటప్పుడు పొగలు వచ్చేదాకా వేడిచేయాలి.

తీసేసినవాటిని మళ్లీ కలపడం

ఉల్లి, ఎల్లిగడ్డ, గోధుమలను జీవితాంతం మానేయమని ఈ పద్ధతి చెప్పదు. పేగుల్లో మేలు చేసే సూక్ష్మజీవులకు ఇదే ఫ్రక్టాన్ ఆహారం. అందుకే వీటిని రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే పూర్తిగా ఆపి, బాధ తగ్గాక ఒక్కొక్కటిగా తిరిగి పరీక్షించాలి. పోషకాహార నిపుణుల సలహాతో చేస్తే మరీ మంచిది. బాధ ఏమాత్రం తగ్గకపోతే కారణం ఫాడ్‌మ్యాప్‌లు కాకపోవచ్చు, అప్పుడు కూడా మానినవాటిని మళ్లీ మొదలుపెట్టి డాక్టరును కలవాలి.

పరీక్షించడానికి ఇదే మీట్‌లోఫ్ పనికొస్తుంది. మిగతా దినుసులన్నీ యథాతథంగా ఉంచి, ఒక్కటి మాత్రమే మార్చాలి. గోధుమతో మొదలుపెట్టదలచినవారు అటుకుల స్థానంలో బ్రెడ్డు పొడి వేసి, మొదటి రోజు ఒక ముక్క, రెండో రోజు రెండు, మూడో రోజు రెండు ముక్కలతో పాటు ఒక చపాతీ తిని చూడాలి. ఏ రోజు ఇబ్బంది మొదలైతే ఆ రోజే ఆపి, ఎంత తిన్నప్పుడు వచ్చిందో రాసుకోవాలి. ఆ తర్వాత రెండు మూడు రోజులు ఏమీ కలపకుండా గడిపి, కడుపు నెమ్మదించాక ఉల్లిగడ్డను పరీక్షించాలి. మొదట రెండు టీస్పూన్ల ముక్కలను క్యారెట్‌తో పాటు వేయించి ముద్దలో కలిపితే చాలు. ఎల్లిగడ్డకు మళ్లీ విడిగా మరో వారం కేటాయించాలి, ఎందుకంటే గోధుమ పడనివారికి ఎల్లిగడ్డ పడవచ్చు, ఎల్లిగడ్డ పడనివారు ఉడికిన ఉల్లిగడ్డను కొద్దిగా తట్టుకోనూవచ్చు. కారాన్ని అన్నింటికంటే చివర, పావు టీస్పూనుతో మొదలుపెట్టి చూసుకోవాలి.